నిజంగా వస్తాయా, మాష్టారూ?

దీపావళి వెళ్ళిన మర్నాడు పొద్దున్న, కాలిపోయిన చిచ్చుబుడ్లు ఇంకా వాకిట్లోంచి ఊడవకముందే ఫోను మోగింది.

“మాష్టారండీ, శరత్తు వచ్చేసిందండి. హంసలు రాలేదు గాని, వాటి చుట్టపక్కాలు చాలామంది దిగేరండి. ఈ ఆదివారం ఓసారి కాకినాడ దయచెయ్యాలండి.”

గొంతు పోల్చుకోడానికి ఒక్క క్షణం పట్టింది. ‘హంసలు’ అన్న మాట గుచ్చుకోడానికి ఆ క్షణం కూడా పట్టలేదు. ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే పదిహేడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నేను తెలుగు పంతుల్ని. రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. బి.ఎస్సీ. పిల్లలకి తెలుగు రెండో భాష. రెండో భాషంటే పంక్తిలో చివరి విస్తరి. వడ్డన అక్కడికి వచ్చేసరికి ముక్కలు అయిపోయి పులుసే మిగులుతుంది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, అన్నాలు తిని వచ్చి, ప్రయోగశాలలో కప్పల్నీ బొద్దింకల్నీ చూసి అలిసిపోయిన పిల్లల ముందు నేను శరద్వర్ణన అందుకున్నాను. వానలు వెలిశాయి. ఏళ్ళలో నీళ్ళు తేరుకున్నాయి. రెల్లు పూసింది. మానస సరోవరంనుంచి హంసలు తిరిగి వచ్చాయి. ఈ వరసలో సాగుతోంది పాఠం.

వెనక బెంచీలోంచి ఒక సన్నపాటి కుర్రవాడు లేచాడు.

“హంసలు నిజంగా వస్తాయా, మాష్టారూ?”

నిజం చెబుతున్నాను, నాకు తెలియదు. తెలియదని ఒక్క ముక్క అంటే పోయేది. ఎం.ఏ. పట్టా ఆ ముక్క అననివ్వలేదు. “ఒరే అబ్బాయ్, దాన్ని కవిసమయం అంటారు. లోకంలో వున్నా లేకపోయినా కవులు వున్నట్టు ఒప్పుకున్న మాట. పరీక్షలో వస్తే రెండు మార్కులు. నీకంతగా హంసని చూడాలనుంటే, రవివర్మ పటంలో దమయంతి ఎదురుగా నిలబడి వుంటుంది. వెళ్ళి చూసుకో” అన్నాను. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ కుర్రవాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ నన్నేమీ అడగలేదు.

ఆ కుర్రవాడే ఇప్పుడు కాకినాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు మాష్టారు. ఫోను చేసింది అతనే.

సంగతి చెబితే మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చింది.

“ఎక్కడికీ, చేపల రేవుకా? మీరా? కార్తీకమాసం, తెల్లవారుజామున గోదావరి స్నానానికి రండి మహాప్రభో అంటే మోకాళ్ళ నొప్పులంటారు. పిట్టల్ని చూడ్డానికైతే నొప్పులుండవు కాబోలు!”

“పుట్టలో పాలు పోశాకే బయల్దేరతాన్లే” అన్నాను. శనివారం నాగులచవితి. ఆ పని అయ్యాక సాయంత్రం బస్సెక్కి, రెండు గంటల్లో కాకినాడలో దిగి, ఆ రాత్రి శిష్యుడి ఇంట్లోనే పడుకున్నాను. అతని తల్లిగారు పెసరట్టు, ఉప్మా పెట్టి, “మావాడు మీ గురించి చెబుతూ వుంటాడండి” అన్నారు. ఏం చెబుతూ వుంటాడో అడిగే ధైర్యం లేకపోయింది.

తెల్లవారుజామున ఐదింటికి లేపాడు. జగన్నాథపురం వంతెన దాటి రేవు చేరేసరికి తూర్పు ఇంకా తెల్లబడుతోంది. ఉప్పుటేరు పొడుగునా పడవలు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి వున్నాయి. రాత్రంతా సముద్రం మీద వుండి వచ్చిన మరపడవల్లోంచి బుట్టలు దింపుతున్నారు. ఐసుముక్కలు చితక్కొట్టే చప్పుడు ఒక పక్క, పాట పాడేవాళ్ళ కేకలు మరోపక్క. వాసన గురించి నేను రాయకపోవడమే మర్యాద. మొదటి ఐదు నిమిషాలూ కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆ తరవాత అది భుజం మీదికి ఎప్పుడు వెళ్ళిందో గుర్తులేదు.

పక్షుల్ని చూడాలంటే ఏ అడవికో కొండకో పోవాలనుకుంటాం. ఈ రేవు చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. తెల్లకొంగలు పడవల తాళ్ళ మీద వరసగా కూచుని, ఎవరి బుట్ట ఎప్పుడు ఒరుగుతుందా అని చూస్తున్నాయి. కాకుల సంగతి చెప్పనక్కర్లేదు. వాటి నెత్తిన నల్లగద్దలు, ఆ పైన ఇంకో రకం గద్దలు తిరుగుతున్నాయి. తలా రొమ్మూ తెల్లగా, రెక్కలు కాల్చిన ఇటుక రంగులో వున్నాయి.

“పోల్చారాండీ?” అన్నాడు శిష్యుడు.

పోల్చాను. గరుడపక్షి! మా చిన్నతనంలో ఆకాశంలో గరుడ కనిపిస్తే మా అమ్మ చేతిలో పని వదిలి కళ్ళకద్దుకునేది. నా చెయ్యి కూడా అలవాటుగా లేవబోయింది. ఇంతలో ఆ పక్షి జర్రున కిందికి దిగి, నీళ్ళమీద తేలుతున్న చేప పేగుని కాళ్ళతో తన్నుకుపోయింది.

“శ్రీమహావిష్ణువు వాహనమండి. పెట్రోలు పోయించుకోడానికి వచ్చింది” అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. రేవంటే ఊరిని కడిగే చోటు కూడా కదా. మనుషులు పారేసిన దాన్ని ఈ గద్దలూ కాకులూ ఎత్తుకుపోకపోతే, నా కండువా ముక్కు మీదే వుండిపోయేది.

బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక పెద్దావిడ మా దుర్భిణిని చూసి ఆగింది. “పిట్టల లెక్కల మాస్టారేనా? ఇంకా పాటే బాబూ. అయ్యి దూరంగా మేత్తా వుంటాయి. నీరెక్కేకొద్దీ మీకాడికే వత్తాయి. కదలకుండా కూకోండి, సాలు” అని చెప్పి, బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

పోటు, పాటు. ఈ జంట మాటల్ని నేను ఎన్ని సమాసాల్లో వాడానో లెక్కలేదు. అవి గడియారంలా పనిచేస్తాయని మాత్రం ఆవాళే తెలిసింది. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ ముందటి రోజుకన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమికి చిన్నది. తిథి తెలిస్తే సముద్రం ఎక్కడుంటుందో ఆ పెద్దావిడ చెప్పగలదు. మా ఇంట్లో పంచాంగం ఉపవాసాలకి తప్ప మరెందుకూ తీయం.

రేవుకి దగ్గర్లోనే కుంభాభిషేకం అని ఒక చోటు వుంది. సముద్రం వెనక్కి తగ్గితే అక్కడ కనుచూపుమేర బురద బయటపడుతుంది. గట్టుమీద ఒక గోనె పరిచి నన్ను కూచోబెట్టాడు. మూడుకాళ్ళ దుర్భిణి నిలబెట్టి, “చూడండి మాష్టారూ” అన్నాడు.

చూశాను. బురద కనిపించింది. ఇంకాస్త జాగ్రత్తగా చూశాను. ఇంకాస్త బురద కనిపించింది.

“కంగారు పడకండి. కాసేపు ఒకేచోట చూస్తూ వుండండి.”

అలాగే చూస్తూ వుండగా బురద కదిలింది. ఒకచోట కాదు, అంతటా కదిలింది. అక్కడ మట్టి గడ్డలనుకున్నవన్నీ పిట్టలే! వందలు, వందలు. పరుగెడుతున్నాయి, ఆగుతున్నాయి, ముక్కు దించుతున్నాయి, మళ్ళీ పరుగెడుతున్నాయి. ఇంతసేపూ కళ్ళెదుటే వుండి నాకు కనిపించకుండా ఎలా వున్నాయో!

తరవాత పాఠం మొదలైంది. ఆవాళ మాష్టారు అతను, వెనక బెంచీ నాది.

“అన్నిటి ముక్కులూ చూడండి. చిన్న ముక్కుది ప్లోవరు. పరుగెత్తి, టక్కున ఆగి, పైన కదిలే పురుగుని కంటితో చూసి పట్టుకుంటుంది. ఆ వెనక పొడుగు ముక్కుది గాడ్‌విట్. ముక్కు మొదలంటా బురదలోకి దించుతుంది. అదిగో, కొడవలిలా కిందికి వంగిన ముక్కు! అది కర్లూ. లోపల దాక్కున్న పీతని ముక్కు కొసతో తడిమి లాగుతుంది. ముక్కు పొడుగునిబట్టి ఎవరి లోతు వాళ్ళది. ఒకరి కూడు ఒకరు లాక్కోనక్కర్లేదు.”

ఒకే విస్తరి ముందు ఇంతమంది కూచుని, ఎవరికి కావలసింది వాళ్ళు తిని లేచే పంక్తిని నేను మనుషుల్లో చూడలేదు.

“వీటికి తెలుగు పేర్లేవీ?” అన్నాను, తెలుగు పంతులు బుద్ధి పోనిచ్చుకోలేక.

“మా స్కూలు పిల్లలు పెట్టుకున్నారండి. సూదిముక్కు, కొడవలిముక్కు. గులకరాళ్ళని ముక్కుతో తిరగేసి కింద పురుగుల్ని తినేదాన్ని రాళ్ళెత్తే కూలీ అంటారు” అన్నాడు.

నాకు ముచ్చటేసింది, సిగ్గూ వేసింది. హంస, చకోరం, క్రౌంచం, చక్రవాకం అంటూ నా దగ్గర బోలెడు పేర్లున్నాయి, ఒక్క పక్షి లేదు. ఆ పిల్లల దగ్గర పక్షులున్నాయి. పేర్లు లేకపోతే వాళ్ళే పెట్టుకున్నారు.

పిచ్చుకకన్నా కాస్త పెద్దదేమో అనిపించే ఒక పిట్ట గట్టు దగ్గరికి వచ్చింది. లిటిల్ స్టింట్ అట. బరువు సుమారు 25 గ్రాములు. నిమ్మకాయకన్నా తేలిక. ఉత్తర ధ్రువం దగ్గర, మంచు కరిగిన నేలమీద గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, అక్కడ చలి ముదరకముందే బయల్దేరి ఇక్కడికి వస్తుంది. వేసవి వచ్చేసరికి మళ్ళీ అక్కడికే. పుట్టిల్లు అక్కడ, ఏడాదిలో ఎక్కువ కాలం కాపురం మన దగ్గర. అటువంటప్పుడు ఇవి మన పక్షులా, పరాయి పక్షులా?

గాడ్‌విట్‌ల గురించి అతను చెప్పిన సంగతి మీకూ చెప్పాలి. బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అనే జాతిలో ఒక పిల్లపక్షికి శాస్త్రజ్ఞులు చిన్న ఉపగ్రహ పరికరం కట్టి వదిలారు. 2022 అక్టోబరులో అది అలాస్కాలో లేచి ఆస్ట్రేలియా దిగువనున్న టాస్మానియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు. 11 రోజులు. మధ్యలో ఎక్కడా వాలలేదు, తిండి లేదు, నీళ్ళు లేవు, కింద అంతా సముద్రం. అప్పటికి ఆ పిల్ల వయసు సుమారు ఐదు నెలలు. మన తీరానికి వచ్చే గాడ్‌విట్‌లది వేరే దారి, సైబీరియా వైపునుంచి. అయినా జాతి లక్షణం ఒకటే. బయల్దేరేముందు కొవ్వు పట్టించుకుంటాయి. దారిలో పనిలేని జీర్ణకోశాన్ని కుదించుకుంటాయి.

“తల్లిదండ్రులు దారి చూపిస్తాయి కాబోలు?” అన్నాను.

“ఈ బురదపిట్టల్లో చాలావాటికి అదీ లేదండి. పెద్దవి ముందే వెళ్ళిపోతాయి. పిల్లలు తరవాత వాటంతటవే బయల్దేరతాయి. ముందెప్పుడూ చూడని దేశానికి.”

దారి చెప్పే మాష్టారు లేకుండానే చేరుకుంటున్నాయన్నమాట. ఈ మాట పైకి అనలేదు. మనసులో మాత్రం పదిహేడేళ్ళ కిందటి తరగతి గది కదిలింది.

అడగక తప్పలేదు. “ఒరే అబ్బాయ్, మరి హంసలు నిజంగా వస్తాయా?”

నా వైపు చూసి నవ్వాడు. అది వెక్కిరింపు కాదు.

“వస్తాయండి. తలమీద రెండు నల్ల పట్టీలున్న బూడిదరంగు అడవి బాతులు. బార్‌హెడెడ్ గూస్ అంటారు. మన పాత కవుల హంస చాలా చోట్ల ఈ బాతేనని పండితులు పోల్చారు. ఫోగెల్ అనే డచ్చి పండితుడు మన శిల్పాల్లో, సాహిత్యంలో వున్న హంస మీద ఒక పుస్తకమే రాశాడు, అది 1962లో అచ్చయింది. ఈ బాతులు టిబెట్టు, మంగోలియా సరస్సుల్లో పిల్లల్ని లేపి, హిమాలయాలు దాటి, శీతకాలానికి మన దేశం దిగుతాయి. దక్షిణాన కర్ణాటక, తమిళనాడు చెరువుల దాకా వస్తాయి. వానలు వెలిశాక రావడం నిజం. మానస సరోవరం వైపు వెళ్ళడం నిజం.”

“మేఘం కనిపించాక బయల్దేరతాయని కాళిదాసు...”

“ఆ ఒక్క విషయంలో కాస్త ఆలస్యం చేశాడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే వెళ్ళిపోతాయి. మేఘం కోసం ఆయన వాటిని రెండు మూడు నెలలు ఆపి వుంటాడు.”

“మరి పాలనీ నీళ్ళనీ వేరుచెయ్యడం?”

“అది మాత్రం మీరన్న కవిసమయమేనండి.”

చక్రవాకాల కథా చెప్పాడు. కాషాయం రంగు ఒళ్ళు, తల కాస్త పాలిపోయి వుండే బాతు. ఇంగ్లీషువాళ్ళు బ్రాహ్మినీ డక్ అన్నారు. అదీ మంచుకొండల అవతలి పక్షే, చలికాలానికి మన దగ్గరికి వచ్చేదే. జంటగా తిరిగే ఈ బాతులు రాత్రివేళ మేతకి పోయి, గట్టిగా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. చీకట్లో ఏటికి ఆ దరినుంచి ఒక పిలుపు, ఈ దరినుంచి ఒక పిలుపు వింటే ఏ కవికైనా విరహం అనిపించదూ?

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నా పూర్వులైన కవులు ఏటి ఒడ్డున కూచుని, కళ్ళతో చూసి, చెవులతో విని రాశారు. వాళ్ళు చూసి రాసినదాన్ని, చూడని నేను, ‘లేకపోయినా వున్నట్టు ఒప్పుకున్న మాట’ అని క్లాసులో కొట్టిపారేశాను. వాళ్ళ మాట తప్పు కాదు. ఆ మాట పుట్టిన ఏటి ఒడ్డుకి నేను వెళ్ళకపోవడం తప్పు.

“ఆ రోజు నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. క్షమించు” అన్నాను.

అతను కంగారుపడి దుర్భిణి వదిలేశాడు. “ఊరుకోండి మాష్టారండీ! ఆ రోజు మీరు సమాధానం చెప్పేసి వుంటే నోట్సులో రాసుకుని మర్చిపోయేవాణ్ణి. చెప్పలేదు గనకే వెతుక్కున్నాను.”

శిష్యుడు గురువుకి కప్పిన శాలువా అది. మర్యాదకి కప్పించుకున్నాను గాని, లోపల చలి తగ్గలేదు. మనలో మాట, అలా వెతుక్కునేవాడు వందలో ఒకడు. మిగతా తొంభైతొమ్మిది మందీ అడగడం మానేస్తారు. నా క్లాసుల్లో అలా అడగడం మానేసిన పిల్లలు ఎంతమందో ఏ రిజిస్టరులోనూ వుండదు.

ఈ మాటల్లో వుండగా నీరెక్కడం మొదలైంది. పెద్దావిడ చెప్పినట్టే జరిగింది. సముద్రం ఒక్కొక్క అడుగే ముందుకు వస్తూంటే, దూరాన మేస్తున్న పిట్టలన్నీ మా వైపు జరుగుతున్నాయి. నేను మోకాళ్ళు కూడా కదపలేదు. నొప్పి సంగతి మా ఆవిడకి చెప్పకండి.

అప్పుడు వచ్చాయి అవి. పైన నలుపు, కింద తెలుపు, కాళ్ళూ ముక్కూ నారింజపండు రంగు. ముక్కుని చూసి మొదట విరిగిందేమో అనుకున్నాను. పై దవడ పొట్టి, కింది దవడ పొడుగు! ఇండియన్ స్కిమ్మర్. నోరు తెరిచి, కింది దవడ మాత్రం నీళ్ళలోకి దించి, దర్జీ కత్తెరతో గుడ్డ చీల్చుకుంటూ పోయినట్టు నీటిని చీల్చుకుంటూ పోయింది ఒకటి. దవడకి చేప తగిలిందో లేదో, టప్పున నోరు మూసింది. వెనకాల నీళ్ళమీద సన్నటి గీత ఒకటి కాసేపు మిగిలింది. మిగిలినవి ఇసుక దిబ్బ మీద వాలి, అన్నీ గాలికి ఎదురుగా ఒకే దిక్కుకి తిరిగి నిలబడ్డాయి.

“లెక్కపెట్టండి” అన్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్ఫైనాలుగు. అతని నోటుపుస్తకంలో నా లెక్కే రాసుకున్నాడు. ఏ సన్మానపత్రం అందుకున్నప్పుడూ కలగని గర్వం కలిగింది.

ఆ అంకె చిన్నదేమీ కాదు. చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లుపెట్టే ఈ పక్షులు ప్రపంచం మొత్తం మీద కొద్ది వేలకి మించి లేవు. 2020నుంచి అంతర్జాతీయ జాబితాలో వీటిని అంతరించే ప్రమాదంలో వున్న జాతిగా రాస్తున్నారు. నదుల్లో ఇసుక తవ్వేస్తే, ఆనకట్టలు ఒక్కసారి నీళ్ళు వదిలేస్తే గుడ్లు పోతాయి. అక్కడ బతికి బయటపడ్డవాటిలో కొన్ని చలికాలం గడుపుకోడానికి ఏరి కోరి వచ్చే చోట్లలో మన కాకినాడ ఒకటి.

ఏమిటి ఈ చోటు గొప్ప? బురదే. గోదావరి మోసుకొచ్చి పోసిన మెత్తటి ఒండ్రు. దోసెడు తీస్తే పురుగులు, నత్తలు, బుల్లి పీతలు. ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడుగున అడ్డంగా పడుకున్న హోప్ ఐలాండ్. అదీ గత 200 ఏళ్ళలో గోదావరి ఒండ్రూ ఇసకా పేరుకుని ఏర్పడ్డదే. దానివల్లే లోపలి నీళ్ళు నిబ్బరంగా వుంటాయి, రేవు రేవులా వుంటుంది. దక్షిణంగా కోరంగి మడ అడవులు. 1978లో వాటిని అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఓడలు కట్టేవారు. బర్మా పోయిన మనవాళ్ళని అక్కడివాళ్ళు ఆ రేవు పేరుతోనే పిలిచారు. 1839లో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ వైభవాన్ని తుడిచిపెట్టేశాయి. సముద్రం లేస్తే ఏమవుతుందో ఈ తీరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బకి ముందు అడ్డుపడేవి మడచెట్లే. వాటి వేళ్ళ మధ్యనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. పొద్దున్న ఆ పెద్దావిడ నెత్తినున్న బుట్ట బరువుకీ ఈ బురదకీ సంబంధం అదీ.

అయినా మనం దాన్ని ఏమంటున్నాం? పనికిరాని నేల అంటున్నాం. 2020లో ఇదే కాకినాడ ఒడ్డున ఇళ్ళ స్థలాల కోసం మడచెట్లు కొట్టేస్తే వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇళ్ళు లేనివాళ్ళకి ఇళ్ళు కావాలి. కాదనడానికి నాకు నోరు రాదు. కాని సముద్రానికి అడ్డున్న గోడ తీసి, ఆ స్థలంలోనే బీదవాణ్ణి కాపురం వుండమనడం ఎటువంటి దానం?

మాటలతో బతికేవాణ్ణి గనక నా బాధ ఇంకొకటి. ‘పనికిరాని’ అన్న ఒక్క విశేషణం ఎంత నేలనైనా మింగగలదు. ఒక కాగితం మీద ఆ మాట పడితే చాలు, మర్నాడు లారీలు వస్తాయి. ఎవరికి పనికిరానిది? నిమ్మకాయంత బరువు లేని పిట్ట ధ్రువంనుంచి వెతుక్కుంటూ వచ్చే నేల అది. అలాస్కా పిల్లకి టాస్మానియాలో దిగేసరికి బురద లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. పదకొండు రోజులు ఆకలితో ఎగిరి వచ్చినవాడికి ఇంటి తలుపు తీసేవాళ్ళు లేకపోతే!

ఎండెక్కింది. పోటు గట్టుని తాకింది. పిట్టలన్నీ ఒక్క ఉదుటున లేచి, గాలిలో ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా మెరిసి, మడ అడవుల వైపు వెళ్ళిపోయాయి.

మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే నాలుగు మాటలు. దసరానుంచి శివరాత్రి దాకా మంచి రోజులు. పోటు వేళ కనుక్కుని, దానికి రెండు గంటలు ముందు చేరండి. రంగురంగుల బట్టలు కాకుండా మట్టిరంగువి కట్టుకోండి. పిల్లలకి మంచినీళ్ళూ టోపీ మర్చిపోకండి. పక్షులు లేస్తే చూడాలని రాళ్ళు రువ్వనివ్వకండి. అవి తిన్నది అరగకముందే లేపిన ప్రతిసారీ వాటి దారిబత్తెంలో కొంత దొంగిలించినట్టే. ప్లాస్టిక్ సంచులు తెచ్చినవి తెచ్చినట్టు వెనక్కి తీసుకుపోండి. ఏటా జనవరిలో, 1987నుంచి, ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడుతున్నారు. లెక్కలు వచ్చినవాళ్ళు ఎవరైనా చెయ్యి కలపవచ్చు. మా శిష్యుడి బడిపిల్లలు కలుపుతున్నారు.

మధ్యాహ్నం బస్సుకి ఇల్లు చేరాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి స్నానానికి తోలింది. భోజనం దగ్గర సంగతులన్నీ చెప్పాను. కాషాయం రంగు బాతులు రాత్రిపూట ఆ దరినుంచి ఈ దరికి పిలుచుకుంటాయని చెబితే, కాసేపు ఊరుకుని, “వచ్చే ఆదివారం నేనూ వస్తాను” అంది. కాకినాడ కాజా తేవడం మర్చిపోయిన నేరం కూడా ఆ మాటతో మాఫీ అయింది.

సోమవారం మూడు గంటలకి రెండో భాష క్లాసు. పాఠం ఏమిటో మీకు తెలుసు. వానలు వెలిశాయి, ఏళ్ళు తేరుకున్నాయి, రెల్లు పూసింది, హంసలు వచ్చాయి. అక్కడ ఆగాను. ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. ఎవరూ అడగలేదు. అడగకూడదని వాళ్ళకి మేమే నేర్పాం కదా.

అందుకని నేనే అడిగాను. “హంసలు నిజంగా వస్తాయంటారా?”

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి సందేహిస్తూ, “అది కవిసమయం కదండీ, సార్? గైడులో అలాగే వుంది” అంది.

“గైడులో అలాగే వుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అది తప్పు, వస్తాయి” అన్నాను.

ఒక్క నిమిషం క్లాసు నిశ్శబ్దంగా వుంది. తరవాత వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

“ఎక్కడినుంచి వస్తాయి, సార్?”

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద హిమాలయాలు గీయడం మొదలుపెట్టాను. బొమ్మ బాగా రాలేదు. ఎవరూ నవ్వలేదు.